మామ్మ దగ్గరికి దిగొచ్చిన షవరు

మా వీధిలో నలభై ఏళ్ళ లోపు వాళ్ళ ముక్కులన్నీ మా మామ్మ చేతివే. గొప్పకి చెబుతున్న మాట కాదు, మల్కాపురంలో ఎవరినడిగినా ఒప్పుకుంటారు. ఎవరింట్లో బిడ్డ పుట్టినా, బొడ్డు ఊడిన మర్నాటి నుంచి ఆ ఇంటికి పొద్దున్నే మా మామ్మ వెళ్ళాలి. వెళ్ళి పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ పైకి దోపి, కాళ్ళు బారజాపి, ఆ కాళ్ళ మీద బిడ్డను పడుకోబెట్టుకునేది. నూనె రాసేది. నలుగు పెట్టేది. తల గుండ్రంగా వచ్చేలా అరచేత్తో ఒత్తేది. ముక్కును రెండు వేళ్ళతో పట్టుకుని రోజూ కొంచెం కొంచెం పైకి తీసేది. చివరికి ఎడమచెయ్యి బిడ్డ నుదుటి మీద గూడులా అడ్డం పెట్టి, కుడిచేత్తో చెంబెత్తి నీళ్ళు పోసేది. బిడ్డ కంట్లో ఒక్క చుక్క పడేది కాదు. ఆఖరి చెంబు పోస్తూ "శ్రీరామరక్ష, నూరేళ్ళాయుష్షు" అనేది. బిడ్డను తల్లికి అందించి, ఇంటికొచ్చి కాఫీ తాగేది.

నా ముక్కు మాత్రం సరిగ్గా రాలేదు. ఎందుకని అడిగితే, "నువ్వు పురిట్లోనే నోరు మూసేదానివి కాదే, ఇంక ముక్కెలాగ పట్టుకోమంతావు?" అనేది.

మామ్మ పేరు మంగాయమ్మ. అచ్యుతాపురం దగ్గర పల్లె నుంచి పదిహేనేళ్ళకే కోడలిగా వచ్చింది. బిడ్డలకి నీళ్ళు పోసే పని ఆమె అత్తగారిది. అత్తగారి కంటి చూపు తగ్గాక ఈమెకు వచ్చింది. మా తాత గవర్రాజు పోర్టులో కళాసీ. ఓడల తాళ్ళు కట్టడం, బరువులు దించే గొలుసులు బిగించడం ఆయన పని. ముడి ఇనుము దించిన రోజున ఇంటికొస్తే కళ్ళూ పళ్ళూ తప్ప మనిషి కనిపించేవాడు కాదట. మామ్మ ఆయన్ని పెరట్లోనే ఆపి, అదే పీట మీద కూర్చోబెట్టి, అలాగే నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి నీళ్ళు పోసేది. "పసిగుంటలైనా ఇంత మసి తేరు మావా" అనేదట. ఆ లెక్కన మామ్మ పెంచిన బిడ్డల్లో అందరికన్నా పెద్దవాడు తాతే. ముక్కు మాత్రం అప్పటికే ముదిరిపోయి ఆమె చేతికి లొంగలేదు.

తొంభై ఆరులో మా నాన్న అశోక్ పెరట్లో బాత్రూం కట్టించాడు. నాన్నకి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం. తన స్నేహితుడి క్వార్టర్లో షవరు చూసొచ్చి, మనకీ ఉండాలన్నాడు. షవరు పెట్టారు. నల్ల ట్యాంకుని బాత్రూం శ్లాబు మీదే కూర్చోబెట్టారు. షవరుకీ ట్యాంకుకీ మధ్య అడుగున్నర ఎత్తు కూడా లేదు. మొదటి రోజు నాన్న కొత్త తువ్వాలు కట్టుకుని షవరు కింద నిలబడ్డాడు. అది తుమ్మబోయి ఆగిపోయిన మనిషిలా నాలుగు చుక్కలు రాల్చి ఊరుకుంది. నాన్న కాసేపు దాన్ని చూసి, బకెట్ తెచ్చుకుని స్నానం చేసి, డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి మా షవరు మేకుగా పనిచేసింది. తాత తువ్వాలు, నాన్న డ్యూటీ చొక్కా, అమ్మ లంగాలు అన్నీ దానికే వేలాడేవి. ఏడేళ్ళు చక్కగా చేసిందా పని. మామ్మకి దానితో సంబంధం లేదు. ఆమెకి పీట, బకెట్, చెంబు ఉంటే చాలు.

రెండువేల మూడు ఫిబ్రవరిలో మామ్మ బట్టలుతికే బండ దగ్గర కాలు జారి పడింది. కుడి భుజం కింద ఎముక విరిగింది. పెద్దాసుపత్రిలో కట్టు కట్టారు. ఆరు వారాలు అమ్మే ఆమెకి స్నానం చేయించింది.

మా అమ్మ నూకాలు చెడ్డ మనిషి కాదు. కానీ నాన్న షిఫ్టు బస్సు ఎక్కేలోగా క్యారేజీ కట్టాలి, వీధి కుళాయి ఆగిపోయేలోగా బిందెలు నింపాలి. మామ్మ స్నానం ఈ రెండింటికీ మధ్యన పడేది. అందుకని ఆమెకి గిన్నెలు తోమినట్టే తోమేది. నేను గుమ్మంలో తువ్వాలు పట్టుకుని నిలబడితే లోపలి మాటలు వినిపించేవి.

"నూకాలూ, కళ్ళలో పడతన్నాయే. నుదురు కాడ సెయ్యి అడ్డమెట్టు."

"నాకు రెండే సేతులు అత్తా. ఓ సేత్తో సబ్బు, ఓ సేత్తో సెంబు."

"నాకేటి, నాలుగున్నాయేటి? ఇన్నేళ్ళూ ఎలాగ పోసినాను?"

అమ్మ ఇంకో చెంబు పోసేది. మామ్మ కళ్ళు గట్టిగా మూసుకుని గోడ వైపు తిరిగి కూర్చునేది. మా ఇంట్లో ఎవరి నోటికీ తాళం ఉండదు, మామ్మ నోటికి అసలే ఉండదు. అలాంటిది స్నానం నుంచి వచ్చాక గంటసేపు ఎవరితోనూ మాట్లాడేది కాదు.

ఏప్రిల్‌లో కట్టు విప్పారు. చెయ్యి గుండెల దాకా లేచింది, ఆ పైకి రానంది. రోజూ గోడ మీద వేళ్ళు పాకిస్తే మెల్లిగా వస్తుంది, ఏడాది పట్టొచ్చు అన్నాడు డాక్టరు. ఆ సాయంత్రం మామ్మ అందరికీ వినపడేలా చెప్పింది.

"రేపట్నించి నా తానం నానే సేసుకుంతాను."

మర్నాడు కుంకుడు రసం గిన్నెతో లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది. కుడిచెయ్యి లేవదు. ఎడమచెయ్యి లేస్తుంది గానీ, పసిబిడ్డల్ని ఎత్తీ దించీ దాని మణికట్టు ఎప్పుడో అరిగిపోయింది. నిండు చెంబు ఎత్తితే వణికింది. సగం చెంబు ఎత్తితే నీళ్ళు చెవి దాకా వచ్చి భుజం మీంచి జారిపోయాయి. లోపల చెంబు రెండుసార్లు కింద పడ్డ చప్పుడైంది. అమ్మ తలుపు కొట్టింది.

"అత్తా, గడియ తియ్యి. నాను పోత్తాను."

"ఎవలూ రావద్దు."

అరగంటకి బయటికొచ్చింది. తలలో కుంకుడు నురగ అలాగే ఉంది. ఎండకి ఆరిపోయి, ఉప్పు పేరిన కుళాయి గొట్టంలా తయారైంది జుత్తు. అరుగు మీద కూర్చుని ప్రకటించింది.

"ఎవలి సాయం లేకండా నా నెత్తిన నీళ్ళు పడిననాడే నాను తానం సేత్తాను. అందాకా తడిగుడ్డే."

ఏప్రిల్లో మల్కాపురంలో తడిగుడ్డతో రోజులు గడపడమంటే ఏమిటో ఆ ఎండ తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. నేల మీద కాలు పెట్టకుండానే చెమట పడుతుంది. తాత పక్కన చేరి మెల్లిగా మొదలుపెట్టాడు.

"నాను పోత్తానే మంగా. నువ్వు నాకు ముప్పై ఏళ్ళు పొయ్యలేదేటి?"

"నువ్వు మసితో ఒచ్చీవోడివి మావా. కళ్ళు తెరవలేకపోయేవోడివి. నాకు కళ్ళు కనపడతన్నాయి, కాళ్ళాడతన్నాయి. ఒక్క సెయ్యి లేవనందుకు నన్ను పసిగుంటని సేసెత్తారేటి?"

"పెళ్ళికూతురికీ పోత్తారు కదేటి మామ్మా" అన్నాను నేను.

"అలగైతే నీ తాతని మళ్ళీ తాళి కట్టమను. అప్పుడు పోయించుకుంతాను."

తాత నిజంగానే ఆలోచనలో పడ్డాడు. మామ్మ మాత్రం నవ్వలేదు.

రెండో రోజుకి అమ్మ ఆమె పక్కన భోజనానికి కూర్చోవడం మానేసింది. మూడో రోజుకి పిల్లి కూడా చోటు మార్చుకుంది. ఆ మూడో రోజు మధ్యాహ్నం మామ్మ బాత్రూంలోకి వెళ్ళి, షవరుకి వేలాడుతున్న బట్టలన్నీ తీసి నా మీద పడేసింది. ఏడేళ్ళ తర్వాత మా షవరు ముఖం మొదటిసారి బయటపడింది. కన్నాలన్నీ తుప్పు, తెల్లటి ఉప్పు. మామ్మ ఎడమచేత్తో దాని కుళాయి తిప్పింది. ఎర్రటి చుక్క ఒకటి ఆమె నుదుటి మీద పడింది. తుడుచుకుని చెప్పింది.

"ఇది మార్చాల."

మార్చడానికి తాత లేచాడు. పోర్టు రోజుల నాటి పెద్ద పైపు పానా ఒకటి ఆయన దగ్గరుంది. రిటైరైన రోజు కప్పిన శాలువా ఎక్కడుందో ఎవరికీ తెలీదు గానీ, పానాకి మాత్రం నూనె రాసి, గోనెగుడ్డలో చుట్టి, మంచం కింద పెట్టుకున్నాడు. దాన్ని తెచ్చి పీట ఎక్కాడు.

"మెల్లిగా మావా. అది గోడ."

"నాను ఓడలాపినోడ్నే. నాకు సెప్తావేటి?"

ఓడ గొలుసులకి ఎంత బలం పెట్టేవాడో, చెంబంత కూడా లేని షవరుకి అంత బలమూ పెట్టి వేలాడాడు. షవరు వచ్చింది. దాంతోపాటు గొట్టం వచ్చింది. గొట్టంతోపాటు పిడికెడు సిమెంటు వచ్చింది. గోడలోంచి నీళ్ళు ధారగా తాత ఛాతీ మీద పడ్డాయి. ఆయన ఒక అరచేత్తో కన్నం మూసి, రెండో చేత్తో పానా వదలకుండా, "ట్యాంకు కట్టండే! ట్యాంకు కట్టండే!" అని కేకలు. నేను మెట్లెక్కి వాల్వు తిప్పేసరికి ఆ పూట నీళ్ళన్నీ పెరట్లోంచి వీధిలోకి నడిచి వెళ్ళిపోయాయి. మామ్మ తడిసిన తాతని తల నుంచి కాళ్ళదాకా చూసింది.

"ఓడ ఆగిందేటి మావా?"

తాత పానాని మళ్ళీ గోనెగుడ్డలో చుట్టేశాడు.

మర్నాడు మామ్మ నన్ను వెంటబెట్టుకుని గోపాలపట్నం బయల్దేరింది. మా వీధిలోనే పుట్టిన శ్రీరామ్మూర్తికి అక్కడ పైపులూ కుళాయిలూ అమ్మే షాపుంది. స్నానం లేక అది నాలుగో రోజు. బస్సులో మా సీటు చుట్టూ బాగా గాలాడింది. "సూడు, మనూరి జనం పెద్దోళ్ళకి ఎంత సోటిత్తారో" అంది మామ్మ.

శ్రీరామ్మూర్తి నలభైకి దగ్గర పడ్డ మనిషి. బట్టతల, బొజ్జ. మామ్మని చూడగానే కుర్చీలోంచి లేచాడు. మామ్మ అతన్ని పలకరించకుండా ముందు మొహం అటూ ఇటూ తిప్పి చూసింది.

"ముక్కు నిలబడిందిరా. నెత్తి మీద జుత్తే నిలబళ్ళేదు."

"అది నీ తప్పు కాదులే మామ్మా. ఏటి కావాల?"

"షవరు. మెత్తటిది."

"మెత్తటి షవరేటి? స్టీలుదుంది, ప్లాస్టిక్‌దుంది."

"నీళ్ళు మెత్తగా పడాల. బిందెడు నీళ్ళు తే, సూత్తాను."

షాపు వెనకాల ఖాళీ స్థలంలో పరీక్ష పెట్టింది. శ్రీరామ్మూర్తి ఒక్కొక్క షవరునీ మొహం కిందకి ఉండేలా పట్టుకుని దాని గొట్టంలో జగ్గుతో నీళ్ళు పోస్తాడు. సగం నీళ్ళు అతని చొక్కా మీద పడతాయి, మిగిలిన సగం నీళ్ళ కింద మామ్మ అరచెయ్యి పెడుతుంది. తర్వాత మోచెయ్యి. తర్వాత కళ్ళు మూసుకుని మొహం. షాపులోకి వచ్చిన ఇద్దరు తాపీ మేస్త్రీలు కొనాల్సింది మర్చిపోయి నిలబడి చూశారు.

"ఇది గుచ్చుతంది. బిడ్డ మాడు మీద పడితే అదిరిపోద్ది."

"బిడ్డకి కాదు కదా మామ్మా, నీకే కదేటి?"

"నా మాడు మాడు కాదేటిరా?"

రెండోది ఒక పక్కకే ఏడుస్తోందంది. మూడోది ముక్కు చీదినట్టుందంది. నాలుగోది వెడల్పుగా, కాఫీ సాసరంత ఉంది. కన్నాలు సన్నం, దగ్గర దగ్గరగా ఉన్నాయి. దాని కింద మామ్మ మొహం కాసేపు అలాగే ఉంచింది. నీళ్ళు అయిపోయినా తియ్యలేదు.

"ఇదీ సెయ్యంటే" అంది.

శ్రీరామ్మూర్తి తల గోక్కున్నాడు. "మామ్మా, ఇంత పెద్దదానికి నీళ్ళలో జోరుండాల. మీ ట్యాంకెక్కడుంది?"

"బాత్రూం నెత్తినే."

"అలగైతే ఇది కారదు. తరవాత నన్ననొద్దు."

"నువ్వు పుట్టినప్పుడు తొమ్మిదిరోజులు పాలు తాగలేదు. బతకడని మీ అమ్మ ఏడిసింది. నాను రోజూ ఒచ్చి నీళ్ళోసినాను. బతికినావా, లేదా?"

"బతికినాను."

"మరి కట్టియ్యి."

కట్టిచ్చాడు.

ఆ మర్నాడు ప్లంబర్ పోలిరాజు వచ్చాడు. అతనూ మా వీధి ముక్కే. తాత విరగ్గొట్టిన చోట గోడ శుభ్రం చేసి, కొత్త గొట్టానికి తెల్లటేపు చుట్టి, పద్ధతిగా బిగించాడు. పాత షవరు ఎక్కడుందో సరిగ్గా అక్కడే కొత్తదాన్ని పెట్టాడు. అందరం బాత్రూం ముందు చేరాం. ట్యాంకు నిండుగా ఉంది. మామ్మ కుళాయి తిప్పింది.

సాసరంత షవరు అంచున చెమట పట్టింది. చుక్కలు ఒకదాని వెనక ఒకటి, ఎవరో వాటిని పేరు పెట్టి పిలుస్తున్నట్టు, తీరిగ్గా రాలాయి.

"శ్రీరామ్మూర్తి సెప్పినాడా లేదా?" అన్నాడు పోలిరాజు. "ట్యాంకుని నాలుగడుగులు పైకెత్తాల మామ్మా. ఇటికలతో దిమ్మ కట్టాల. ఈ శ్లాబు మొయ్యదు, పక్కనుంచి స్తంభాలెయ్యాల."

నాన్న ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. "దీపావళికి సూద్దారే అమ్మా. బోనస్ ఒత్తాది" అన్నాడు.

"దీపావళికి నాను మురిగిపోతాన్రా" అంది మామ్మ.

అందరూ తలో పక్కకీ వెళ్ళిపోయారు. పోలిరాజు పనిముట్లు సర్దుకుంటున్నాడు. మామ్మ పీట లాక్కుని ఆ షవరు కిందే కూర్చుంది. చుక్కలు ఆమె నడినెత్తిన పడుతున్నాయి. అవి పడుతుండగా ఆమె చూపు ఎదురుగా ఉన్న కుళాయి మీద నిలిచింది. బకెట్ నింపుకునే కుళాయి అది, మోకాలి ఎత్తులో ఉంటుంది. చెయ్యి చాపి దాన్ని తిప్పింది. నీళ్ళు భళ్ళున బకెట్లోకి దూకాయి. కట్టేసింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ దూకాయి.

"పోలిరాజూ, ఇలా రా. ఈ కుళాయికి ఇంత జోరేటిరా?"

"అది కిందుంది మామ్మా."

"షవరుకేల లేదు? నీళ్ళు ఆ ట్యాంకువే కదేటి?"

"అది మీదుంది. ట్యాంకుకి దగ్గర. నీళ్ళు పడ్డానికి ఎత్తు సాలదు."

మామ్మ పైన శ్లాబునీ, కింద కుళాయినీ మార్చి మార్చి చూసింది. "సెంబు ఎత్తి పోత్తే నీళ్ళకి బలమొత్తాది. దగ్గర్నించి పోత్తే మెత్తగా పడతాయి. అంతే కదేటి?"

"అంతే."

"ట్యాంకే సెంబనుకో, దాన్ని ఎత్తలేం. మరి షవర్ని దించు."

పోలిరాజు నవ్వాడు. మామ్మ నవ్వకపోవడం చూసి ఆపేశాడు. "ఎక్కడికి దింపమంతావు మామ్మా? షవరు నెత్తి మీదుండాల."

మామ్మ పీట మీద నిటారుగా కూర్చుని, ఎడమచెయ్యి ఎత్తి, తన నడినెత్తిన పెట్టుకుంది.

"నా నెత్తి ఇక్కడుంది. నాను ఏనాడైనా నిలబడి తానం సేసినానేటి? ఈ పీట మీద కూకునే సేసినాను. మీ అందరికీ పీట మీద కూకునే పోసినాను. దీనికి మీద జానెడు ఒగ్గి పెట్టు."

"జనం నవ్వుతారు మామ్మా. పోలిరాజు షవర్ని మోకాలి కాడ బిగించినాడంతారు. నా పేరు పోద్ది."

"నీకు పేరెట్టిన రోజు పొద్దున్న నీకు తానం సేయించింది నాను. ఆ పేరు ఎక్కడికి పోద్దో నాను సూసుకుంతాను. సాక్‌పీసు తే."

ఇంతలో తాత వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పానా సంగతి జరిగినప్పటి నుంచి ఆయన ఈ విషయంలో నోరెత్తలేదు. ఇప్పుడు ఎత్తాడు.

"అది సెప్పింది సెయ్యిరా. బరువు ఎంత కిందకి దిగితే అంత జోరు. ముప్పై ఏళ్ళు గొలుసు పట్టుకున్నోడ్ని, నాకు తెలుసు."

పోలిరాజు సుద్దముక్కతో మామ్మ తల మీద జానెడు కొలిచి గోడ మీద గీత గీశాడు. మామ్మ లేచి నిలబడితే ఆ గీత ఆమె రొమ్ము దగ్గరికి వచ్చింది. గోడ పగలగొట్టకుండా గోడ మీదే గొట్టం దించి క్లాంపులు కొట్టాడు. కుళాయి పిడిని ఎడమచేతికి అందే చోట పెట్టించుకుంది మామ్మ. రెండు గంటలు పట్టింది. బిగించడం అయ్యాక పోలిరాజు ఇదంతా తనకి సంబంధం లేనట్టు పక్కకి తిరిగి కుళాయి తిప్పాడు.

షవరు నిండుగా విచ్చుకుంది. సాసరంత మొహం నుంచి ఒక్క కన్నం కూడా బద్ధకించకుండా నీళ్ళు వచ్చి పీట మీద పడ్డాయి. అతని ప్యాంటు తడిసింది. మామ్మ మోచెయ్యి చాపి పెట్టింది. కాసేపు అలాగే ఉంచింది.

"రేపు మజ్జానం" అంది. "ఎండకి ట్యాంకు కాగుద్ది. పొయ్యి మీద నీళ్ళక్కర్లేదు."

మర్నాడు ఆరో రోజు. నేను కుంకుడుకాయలు కొట్టి, నానబెట్టి, రసం తీసిచ్చాను. మామ్మ పన్నెండున్నరకి చీరా, గిన్నే పట్టుకుని వెళ్ళి గడియ పెట్టుకుంది. అమ్మ ఆ రోజు వంట ముందే ముగించేసింది. ఏ పనీ లేనట్టు తువ్వాలు పట్టుకుని పెరటి మెట్టు మీద కూర్చుంది. తాత ఆమె పక్కన. నేను తలుపుకి దగ్గరగా.

నీళ్ళ చప్పుడు మొదలైంది. ఆగింది. మళ్ళీ మొదలైంది. చెంబు పడిన చప్పుడు ఎక్కడా లేదు. పావుగంటైంది. ఇరవై నిమిషాలు.

"ఏటి మామ్మా, ఉన్నావా, కాలవలో కొట్టుకుపోయినావా?"

"నోర్ముయ్యే గుంటా. రెండోపాలి రాత్తన్నాను."

అరగంట దాటింది. నీళ్ళు ఒకే తీరుగా పడుతున్నాయి. అప్పుడు వాటి వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది. మాతో అంటున్న మాట కాదు.

"శ్రీరామరక్ష, నూరేళ్ళాయుష్షు."

కుళాయి కట్టిన చప్పుడైంది. అమ్మ ఒళ్ళో తువ్వాలు మడత విప్పి మళ్ళీ మడతపెట్టింది.

"నీకు అరవై నాలుగు అయిపోయినాయే" అన్నాడు తాత తలుపు వైపు చూసి. "ఇంకా ముప్పై ఆరు నాను పడాలన్నమాట."

"పడు మావా" అంది లోపలి నుంచి.

తలుపు తీసింది. చీర ఎలాగో ఎడమచేత్తోనే చుట్టుకుంది, కుచ్చిళ్ళు కుదరలేదు. తలలో నురగ చుక్క కూడా లేదు. జుత్తు నుంచి నీళ్ళు కారుతున్నాయి. కళ్ళు మాత్రం పండుమిరపకాయల్లా ఎర్రగా ఉన్నాయి.

"కళ్ళలాగున్నాయేటి అత్తా?" అంది అమ్మ.

"ఏటీ లేదు."

"కుంకుడు పడింది కదేటి మామ్మా?" అన్నాను. "నలభై ఏళ్ళుగా ఏ బిడ్డ కంట్లోనూ పడనియ్యలేదంతావు?"

మామ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఆ షవరు పొయ్యడమొకటే పోత్తాది. ఉన్న ఒక్క సేత్తో తల రుద్దుకుంతన్నాను. నుదురు మీద పెట్టడానికి ఇంకో సెయ్యేదే?"

"నాకూ రెండే సేతులని నాను అప్పుడే సెప్పినాను కదత్తా" అంది అమ్మ.

మామ్మ కోడలి వైపు చూసింది. ఆరు వారాలు గోడ వైపు తిరిగి కూర్చున్న మనిషి, ఇప్పుడు మెట్టు మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది. అమ్మ కూడా నవ్వుతూ ఆమె వెనక చేరి తల తుడవడం మొదలుపెట్టింది. దానికి మామ్మ అడ్డు చెప్పలేదు.

"తుడువ్, తుడువ్. తుడవడం నీకు బాగా ఒచ్చు. పొయ్యడమే రాదు."

మర్నాటికి ఆ కుంకుడు సంగతికీ దారి కనిపెట్టింది. పీటని ఒక అడుగు ముందుకు జరిపి, తల వెనక్కి వాల్చి కూర్చుంటే నీళ్ళు నుదుటి నుంచి వెనక్కే పోతాయట. ఆ తర్వాత ఒక్క రోజు కూడా ఆమె కళ్ళు ఎర్రబడలేదు. ఆ షవరుకి బట్టలు తగిలించాలని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు. ఒకసారి నాన్న మర్చిపోయి చొక్కా తగిలిస్తే, మామ్మ ఆ చొక్కాని చెయ్యి పట్టుకుని వీధిలోకి విసిరేసింది.

డాక్టరు చెప్పినట్టే చెయ్యి ఏడాదికి భుజం పైదాకా లేచింది. రెండువేల నాలుగు వేసవిలో పోలిరాజు కూతురికి బిడ్డ పుడితే మామ్మ మళ్ళీ పీట వేసుకుని, కాళ్ళు చాపి కూర్చుంది. చెంబెత్తడానికి అప్పుడు ఏ ఇబ్బందీ లేదు. కానీ షవర్ని పాత ఎత్తుకి జరుపుతానని నాన్న అంటే ఒప్పుకోలేదు. "నీకు కావాలంతే నువ్వు కూకో" అంది. ఆరడుగుల మా నాన్న, స్టీల్ ప్లాంటులో పదిమందికి పని చెప్పే మనిషి, ఈ రోజుకీ డ్యూటీ నుంచి వచ్చి మామ్మ పీట మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చునే స్నానం చేస్తాడు. తాతా అంతే. అమ్మా అంతే. చుట్టాలు మొదట నవ్వుతారు, తర్వాత కూర్చుంటారు, ఆ తర్వాత ఎంతకీ బయటికి రారు.

పోలిరాజు పేరు ఎక్కడికీ పోలేదు. నడుము నొప్పి వాళ్ళూ, ట్యాంకు పైకెత్తలేని వాళ్ళూ అతన్ని పిలవడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఎవరింట్లో షవరు బిగించడానికి వెళ్ళినా, సుద్దముక్క చేతిలో పట్టుకుని ముందు ఒక మాట అడుగుతాడు.

"నిలబడే ఎత్తా, మంగాయమ్మ ఎత్తా?"